నోమాడ్ స్కల్ప్ట్

నోమాడ్ స్కల్ప్ట్ అనునది ట్యాబ్లెట్టు కంప్యూటర్లపై త్రిమితీయ బొమ్మలను మలచడానికి, వాటికి రంగులు వేయడానికి, వెలుగునీడలతో చిత్రంగా తీర్చడానికి ఉపయోగపడే ఒక సాఫ్టువేరు. దీనిని ఫ్రాన్సు దేశానికి చెందిన స్టెఫాన్ జినియే అనే ప్రోగ్రామరు స్వతంత్రంగా రూపొందించి 2020లో విడుదల చేశాడు. ఇది ఐప్యాడులపైన, ఆండ్రాయిడు ట్యాబ్లెట్లపైన, ఫోన్లపైన కూడా పనిచేస్తుంది. దీనికి ముందు ఆయన రూపొందించిన స్కల్ప్ట్‌జీఎల్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్టు బ్రౌజరులో నడిచేది. నోమాడ్‌కు మూలం అదే.

త్రిమితీయ రూపకల్పన సాఫ్టువేర్లను సాధారణంగా పెద్ద సంస్థలు పదుల కొద్దీ ఇంజనీర్లతో, సంవత్సరాల తరబడి శ్రమించి తయారు చేస్తాయి. అటువంటి రంగంలో ఏ పెద్ద సంస్థ అండా లేకుండా ఒక వ్యక్తి చేపట్టిన పని వృత్తి కళాకారుల చేతికి చేరడం వలన నోమాడ్ స్కల్ప్ట్‌కు ప్రత్యేకమైన స్థానం లభించింది. ఒంటరిగా ఇటువంటి పనికి పూనుకొనేవారు దేనిని చేపట్టవచ్చు, దేనిని వదులుకోవాలి అనే విషయానికి కూడా ఇది మంచి ఉదాహరణ.

నేపథ్యం

కంప్యూటరులో త్రిమితీయ వస్తువును తయారు చేయడానికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది ఒక్కొక్క బిందువునూ, అంచునూ లెక్కగా అమర్చుకుంటూ పోయే పద్ధతి. భవనాలు, యంత్రాలు, వాహనాలు వంటి వాటికి ఇది అనుకూలం. రెండవది మట్టిముద్దను చేత్తో నొక్కి, లాగి, గీరి ఆకారం తెచ్చినట్లు కుంచెతో ఉపరితలాన్ని మలచే పద్ధతి. మనుషుల ముఖాలు, జంతువులు, గుడ్డ మడతలు వంటివి ఈ పద్ధతిలో బాగా కుదురుతాయి. దీనినే డిజిటల్ శిల్పకళ అంటారు.

ఈ రెండవ పద్ధతికి ప్రాచుర్యం కల్పించినది జడ్‌బ్రష్ అనే సాఫ్టువేరు. ఓఫెర్ అలోన్, జాక్ రిమోఖ్ స్థాపించిన పిక్సోలాజిక్ సంస్థ దీనిని 1999లో సిగ్రాఫ్ సదస్సులో ప్రదర్శించింది. తరువాతి కాలంలో సినిమాలలోను, వీడియో ఆటలలోను కనిపించే వింతజీవులను మలచడానికి ఇది ప్రామాణికమైన సాధనమయింది.

ఒంటరి ప్రోగ్రామరు ఈ రంగంలో ప్రభావం చూపడం జినియేతో మొదలు కాలేదు. టోమాస్ పెట్టర్సన్ అనే ప్రోగ్రామరు 2009 డిసెంబరులో స్కల్ప్ట్రిస్ అనే చిన్న ప్రోగ్రాము తయారీ ప్రారంభించాడు. కుంచె తాకిన చోట మాత్రమే త్రిభుజాలను తనంతట తానే పెంచుకోవడం దాని ప్రత్యేకత. అంతకు ముందు కళాకారుడు ఎక్కడ ఎన్ని త్రిభుజాలు కావాలో ముందే ఆలోచించుకోవలసి వచ్చేది. స్కల్ప్ట్రిస్‌లో ఆ చింత లేకపోవడంతో కొత్తగా నేర్చుకొనేవారు సైతం మొదటి రోజునే ఒక ముఖాన్ని మలచగలిగారు. 2010లో పిక్సోలాజిక్ సంస్థ స్కల్ప్ట్రిస్‌ను తన ఆధీనంలోకి తీసుకొని పెట్టర్సన్‌కు ఉద్యోగమిచ్చింది. ఇదే భావన బ్లెండరు సాఫ్టువేరు 2.66 సంచికలో, 2013లో, నికొలస్ బిషప్ కృషి వలన ప్రవేశించింది.

స్కల్ప్ట్‌జీఎల్

బ్రౌజరులోనే త్రిమితీయ చిత్రాలను గీయడానికి వీలు కల్పించే వెబ్‌జీఎల్ ప్రమాణం 2011లో వెలువడింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే జినియే స్కల్ప్ట్‌జీఎల్‌ను జావాస్క్రిప్టు భాషలో రాశాడు. దేనినీ ఇన్‌స్టాలు చేయనవసరం లేదు. పేజీ తెరవగానే తెర మధ్యన ఒక గోళం కనిపిస్తుంది, మౌసు పట్టుకొని దానిని మలచడమే. మూల కోడును ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంచాడు. గ్రాఫిక్స్ నేర్చుకొనే విద్యార్థులకు ఆ కోడు నేటికీ మంచి పాఠం.

నోమాడ్‌లో కనిపించే ముఖ్యమైన భావనలు చాలావరకు స్కల్ప్ట్‌జీఎల్‌లోనే ఉన్నాయి. కుంచె తాకిన చోట త్రిభుజాల సంఖ్య మారడం, ఒకే బొమ్మను అనేక సూక్ష్మతా స్థాయిలలో ఉంచడం, వోక్సెళ్ళ సాయంతో ఉపరితలాన్ని తిరిగి అల్లడం మొదలైనవన్నీ అక్కడ పరీక్షకు నిలిచాయి. జినియే కొంతకాలం స్కెచ్‌ఫ్యాబ్ సంస్థలో పనిచేశాడు. త్రిమితీయ నమూనాలను బ్రౌజరులో చూపించే ఈ సంస్థ పారిస్‌లో ప్రారంభమయింది. వేల రకాల ఫైళ్ళను, నాసిరకం పరికరాలపైన కూడా, తడబడకుండా చూపించడమే అక్కడి పని. బలహీనమైన పరికరంపై వేగం సాధించడం ఎలాగన్నది ట్యాబ్లెట్టు రచయితకు అన్నిటికంటే ముందు కావలసిన విద్య.

ట్యాబ్లెట్ల రాక

ఆపిల్ సంస్థ మొదటి ఐప్యాడు 2010 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. దానిలోని మెమరీ 256 మెగాబైట్లు మాత్రమే. అయినా 2011లోనే ఆటోడెస్క్ సంస్థ 123డి స్కల్ప్ట్ పేరుతో ఐప్యాడు కోసం ఒక శిల్ప సాధనాన్ని విడుదల చేసింది. అది ఉచితం, సరదా అయినది. వృత్తి పనికి చాలినది కాదు. 2017లో ఆటోడెస్క్ 123డి శ్రేణి మొత్తాన్ని నిలిపివేసింది. పెద్ద సంస్థ తయారు చేసిన సాధనమైతే పదికాలాలపాటు ఉంటుందనే నమ్మకానికి ఆధారం లేదని వాడుకరులకు అప్పుడు తెలిసివచ్చింది.

2015 నవంబరులో వచ్చిన ఐప్యాడు ప్రో, దానితోపాటు వచ్చిన ఆపిల్ పెన్సిల్ పరిస్థితిని మార్చాయి. ఆ ట్యాబ్లెట్టులో 4 గిగాబైట్ల మెమరీ ఉంది. ఆ కలం నొక్కుడు బలాన్నీ, వంపునూ గుర్తిస్తుంది. అంతవరకు ఎక్కువగా డెస్కుటాపు కంప్యూటరుకు తగిలించే గీత పలకలతో చేసే పని ఒడిలో పెట్టుకొనే పరికరానికి వచ్చింది. ఈ కాలంలోనే హావియెర్ ఎడో అనే మరొక స్వతంత్ర ప్రోగ్రామరు తయారు చేసిన ఫోర్జర్ ఐప్యాడు శిల్పులలో ఆదరణ పొందింది. దానిని 2021లో మాక్సన్ సంస్థ కొనుగోలు చేసింది. అదే సంవత్సరం చివర పిక్సోలాజిక్‌ను, తద్వారా జడ్‌బ్రష్‌ను కూడా మాక్సన్ కొనడానికి సిద్ధమయింది. నోమాడ్ విడుదలయిన మరుసటి సంవత్సరమే ఈ మార్పులు జరిగాయి.

పనిచేసే విధానం

తెరపై నున్నగా కనిపించే బొమ్మ నిజానికి చిన్న చిన్న త్రిభుజాలతో, చతుర్భుజాలతో అల్లిన ఒక వల. దీనిని మెష్ అంటారు. వలలోని ముడులను శీర్షాలు అంటారు. కుంచెతో గీసినపుడు జరిగేది ఒక్కటే: కుంచె వ్యాసార్ధంలో ఉన్న శీర్షాలు కొద్ది దూరం కదులుతాయి. మట్టి అద్దే కుంచె వాటిని బయటికి నెడుతుంది, నునుపు చేసే కుంచె ప్రతి శీర్షాన్నీ దాని పొరుగు శీర్షాల సగటు స్థానం వైపు జరుపుతుంది, గిల్లే కుంచె వాటిని ఒక గీత వద్దకు చేరుస్తుంది. సూత్రం ఇంత సులభం. కష్టమంతా శీర్షాల సంఖ్యలో ఉంది.

త్రిభుజాలతో అల్లిన మూసి ఉన్న వలలో త్రిభుజాల సంఖ్య శీర్షాల సంఖ్యకు సుమారు రెట్టింపు ఉంటుంది. ఒక్కొక్క శీర్షానికి సగటున ఆరు పొరుగు శీర్షాలు ఉంటాయి. ఇది ఆయిలరు సూత్రం నుండి వచ్చే ఫలితం. ఒక శీర్షం స్థానానికి 12 బైట్లు, అది ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉన్నదో చెప్పడానికి మరో 12 బైట్లు, రంగు మొదలైన వాటికి 8 బైట్లు అనుకుంటే 32 అవుతుంది. దాని వాటాకు వచ్చే రెండు త్రిభుజాలకు 24 బైట్లు కావాలి. పొరుగున ఉన్న శీర్షాల, త్రిభుజాల జాబితాలకు మరో 48 బైట్లు. అంటే శీర్షానికి నూరు బైట్లకు పైమాటే. 10 లక్షల శీర్షాల బొమ్మకు 100 మెగాబైట్లు దాటుతుంది. చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి దాచే చరిత్ర, గ్రాఫిక్స్ చిప్పు కోసం ఉంచే ప్రతి దీనికి అదనం. మొదటి ఐప్యాడులో ఇది ఎందుకు సాధ్యం కాలేదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మెమరీ తరువాతి సమస్య కాలం. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కనుక ఒక్కొక్క మార్పుకు సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే ఉంటాయి. 2017 నుండి ఐప్యాడు ప్రో తెరలు సెకనుకు 120 సార్లు మారుతున్నందున ఆ గడువు సగానికి తగ్గింది. ఆ వ్యవధిలో కలం కొస బొమ్మను ఎక్కడ తాకిందో కనుక్కోవాలి, చుట్టుపక్కల శీర్షాలను ఏరాలి, కదపాలి, తిరిగి చిత్రించాలి. 10 లక్షల శీర్షాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ కూర్చుంటే చేయి ముందు, బొమ్మ వెనుక అవుతుంది. అందువలన స్థలాన్ని ఎనిమిదేసి గదులుగా, ఆ గదులను మళ్ళీ ఎనిమిదేసి గదులుగా విభజించే ఆక్ట్రీ అనే చెట్టు నిర్మాణాన్ని స్కల్ప్ట్‌జీఎల్‌లో వాడారు. ఊరు తెలిస్తే వీధి, వీధి తెలిస్తే ఇల్లు వెదికినట్లు కొద్ది మెట్లలోనే కావలసిన త్రిభుజాలు దొరుకుతాయి.

కొత్త బొమ్మను గోళం, పెట్టె, స్తూపం వంటి ప్రాథమిక ఆకారాల నుండి ప్రారంభించవచ్చు. వీటిలో లేత్ అనే సాధనం తెలుగువారికి తేలికగా అర్థమవుతుంది. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను గిరగిర తిప్పుతూ ఉలితో లక్కబొమ్మ ఆకారం తీసినట్లే, ఇందులో ఒక పక్క అంచు గీత మాత్రం గీస్తే అది అక్షం చుట్టూ తిరిగి కుండ, చెంబు, బొంగరం వంటి రూపం ఏర్పడుతుంది.

వలను నిర్వహించే మూడు పద్ధతులు

బొమ్మ ముక్కును బయటికి లాగినపుడు అక్కడి త్రిభుజాలు సాగిపోయి వికారంగా తయారవుతాయి. ఏ శిల్ప సాధనమైనా ఈ చిక్కును ఎలా పరిష్కరిస్తుందన్న దానిపై దాని స్వభావం ఆధారపడి ఉంటుంది. నోమాడ్‌లో మూడు మార్గాలూ ఉన్నాయి; వాటి మధ్య తేడా తెలియకపోవడమే కొత్తవారి ఇబ్బందులలో అధిక భాగానికి కారణం.

మొదటిది బహుళ స్థాయుల పద్ధతి. ప్రతి ముఖాన్నీ నాలుగు చిన్న ముఖాలుగా చీలుస్తూ పోవడం దీని సారాంశం. చతుర్భుజాలకు దీనిని ఎడ్విన్ కాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రతిపాదించారు. త్రిభుజాలకు చార్లెస్ లూప్ 1987లో ప్రతిపాదించాడు. కింది స్థాయికి దిగి మొత్తం తల ఆకారాన్ని సరిదిద్ది, పై స్థాయికి ఎక్కితే చర్మపు ముడతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. అయితే ఒక్కొక్క స్థాయికి ముఖాల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. పదివేల ముఖాల బొమ్మ నాలుగు స్థాయిలు ఎక్కేసరికి 25 లక్షలు దాటుతుంది. అవసరమున్నది ముక్కు దగ్గర మాత్రమే అయినా వీపు కూడా అంతే దట్టమవుతుంది.

రెండవది వోక్సెల్ పద్ధతి. బొమ్మ ఉన్న స్థలాన్ని చిన్న ఘనాలుగా విభజించి, ఏవి లోపల ఉన్నాయో ఏవి బయట ఉన్నాయో గుర్తించి, ఆ సరిహద్దు మీదుగా కొత్త వలను అల్లడం జరుగుతుంది. ఇలా ఘనాల నుండి ఉపరితలాన్ని రాబట్టే పద్ధతులలో ప్రసిద్ధమైన మార్చింగ్ క్యూబ్స్‌ను విలియం లోరెన్‌సెన్, హార్వే క్లైన్ 1987లో వైద్య చిత్రాల కోసం ప్రచురించారు. విడివిడిగా చేసిన తల, మెడ, మొండెం ఒకదానిలోకి ఒకటి చొప్పించి వోక్సెల్ పద్ధతిలో అల్లితే అతుకు తెలియకుండా ఒకే ముద్ద అవుతాయి. మట్టిపనికి అన్నిటికంటే దగ్గరిది ఇదే. కాని ఘనం కంటే సన్నని వివరాలు మాయమవుతాయి. అంతవరకు ఉన్న సూక్ష్మతా స్థాయిలు కూడా పోతాయి.

మూడవది స్కల్ప్ట్రిస్ చూపిన దారి. కుంచె తిరిగిన చోట పొడవైన అంచులను చీలుస్తూ, మరీ పొట్టి అంచులను కలిపివేస్తూ పోతుంది. కొమ్ములు, తోకలు లాగి తీయడానికి దీనికి సాటి లేదు. అయితే ప్రతి గీతకూ పొరుగు జాబితాలను, ఆక్ట్రీ గదులను తిరిగి సవరించవలసి ఉంటుంది కనుక ప్రాసెసరుకు భారం ఎక్కువ. ప్రోగ్రామరుకు ఈ మూడింటిలో అత్యంత కఠినమైనది కూడా ఇదే. ఒక్క అంచును తప్పుగా కలిపితే వలలో రంధ్రం పడుతుంది, ఆ లోపం ఎక్కడో పది గీతల తరువాత గాని బయటపడదు.

వేలు, కలం

డెస్కుటాపు సాఫ్టువేర్లలో కీబోర్డు మీద వందలాది సత్వరమార్గాలు ఉంటాయి. ట్యాబ్లెట్టుకు కీబోర్డు లేదు, తెర చిన్నది, ఒక చేయి కలానికే సరిపోతుంది. నోమాడ్‌లో కలం బొమ్మపై పడితే మలుస్తుంది, ఖాళీ చోట పడితే బొమ్మను తిప్పుతుంది. రెండు వేళ్ళతో జరపడం, దగ్గరికి తెచ్చుకోవడం చేయవచ్చు. రెండు వేళ్ళతో ఒకసారి తట్టితే చేసిన పని వెనక్కి పోతుంది, మూడు వేళ్ళతో తడితే తిరిగి వస్తుంది. తెర అంచున ఎడమ బొటనవేలికి అందే చోట నునుపు చేసే మీట, కుంచె దిశను తిరగవేసే మీట ఉంటాయి. వీటిని నొక్కి పట్టినంతసేపు కలం స్వభావం మారి, వదలగానే మామూలవుతుంది. రెండు చేతులూ పనిలో ఉండే ఈ అమరిక కుమ్మరి పనికి దగ్గరగా ఉంటుంది. పెద్ద సంస్థల డెస్కుటాపు సాఫ్టువేర్లు ట్యాబ్లెట్టుకు మారడంలో ఆలస్యానికి పాత అలవాట్ల బరువు ఒక కారణంగా కనిపిస్తుంది. ఖాళీ పలకతో మొదలుపెట్టిన స్వతంత్ర రచయితకు ఆ బరువు లేదు.

రంగులు, వెలుగు

నోమాడ్‌లో రంగుతో పాటు గరుకుతనం, లోహపు మెరుపు అనే మరి రెండు గుణాలను కూడా కుంచెతో పూయవచ్చు. వీటిని బట్టి ఇత్తడి ఇత్తడిలాగా, మట్టి మట్టిలాగా వెలుగును తిప్పికొడతాయి. ఈ విలువలు శీర్షాలలోనే నిలువ ఉంటాయి. అందువలన పటాన్ని బొమ్మకు చుట్టే క్లిష్టమైన పని లేకుండానే వెంటనే రంగు వేయవచ్చు. దీని వలన ఒక నష్టమూ ఉంది: శీర్షాలు పలుచగా ఉన్న చోట సన్నని గీత గీస్తే అది మసకబారుతుంది. కంటిపాపకు స్పష్టమైన అంచు కావాలంటే అక్కడ వలను దట్టం చేయవలసిందే.

పరికరాలు విధించే పరిమితులు

ట్యాబ్లెట్టులో మెమరీ ఎంత ఉన్నా అదంతా ఒక్క ప్రోగ్రాముకు దొరకదు. డెస్కుటాపులో మెమరీ చాలకపోతే డిస్కును వాడుకొని కుంటుతూనైనా నడుస్తుంది. ట్యాబ్లెట్టులో పరిమితి దాటిన ప్రోగ్రామును వ్యవస్థ నిర్దాక్షిణ్యంగా మూసివేస్తుంది. 2021లో ఎం1 చిప్పుతో 16 గిగాబైట్ల ఐప్యాడు ప్రో వచ్చినపుడు ఒక ప్రోగ్రాముకు అనుమతించినది సుమారు 5 గిగాబైట్లు మాత్రమే. అదే సంవత్సరం వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15లో ఎక్కువ మెమరీ కోరుకొనే ప్రత్యేక అనుమతి ప్రవేశపెట్టారు. మూడు గంటల పని ఒక్క క్షణంలో పోతుందనే భయం శిల్పికి నిజమైనది కావున, ఇటువంటి ప్రోగ్రాములలో తనంతట తానే భద్రపరచుకొనే ఏర్పాటు అలంకారం కాదు, అవసరం.

ఆండ్రాయిడు వైపు కష్టం వేరు. అక్కడ వందలాది తయారీదారుల పరికరాలు, రకరకాల గ్రాఫిక్స్ చిప్పులు ఉన్నాయి. ఒకదానిపై సరిగా వచ్చిన నీడ మరొకదానిపై నల్లని మచ్చగా కనిపించవచ్చు. పెద్ద సంస్థకు పరీక్షించే విభాగం ఉంటుంది. ఒంటరి రచయితకు వాడుకరులే పరీక్షకులు. పైగా పునాది కూడా కదులుతూ ఉంటుంది. ఆపిల్ 2014లో మెటల్ అనే తన సొంత గ్రాఫిక్స్ పద్ధతిని తెచ్చి, 2018లో ఓపెన్‌జీఎల్‌ను కాలం చెల్లినదిగా ప్రకటించింది. ఇతరత్రా 2016లో వల్కన్ వచ్చింది. రచయిత కొత్త సౌకర్యం ఒక్కటీ చేర్చకపోయినా, ఉన్నది ఉన్నట్లు పనిచేయించడానికే కొంత కాలం ఖర్చు పెట్టవలసి ఉంటుంది.

యానిమేషనుతో సంబంధం

నోమాడ్ పునాది శిల్పం మీద ఉంది, యానిమేషను మీద కాదు. ఇందులో మలచిన పాత్రను నడిపించడానికి, మాట్లాడించడానికి కళాకారులు సాధారణంగా బ్లెండరు వంటి వేరొక సాఫ్టువేరుకు తీసుకుపోతారు. ఇది సోమరితనం వలన వచ్చిన లోటు కాదు. శిల్పానికీ యానిమేషనుకూ వల విషయంలో పరస్పర విరుద్ధమైన అవసరాలు ఉన్నాయి.

పాత్రను కదిలించాలంటే దాని లోపల ఎముకల గూడు అమర్చాలి. ప్రతి శీర్షం ఏ ఎముకతో ఎంత భాగం కదలాలో ముందే నిర్ణయించి రాసిపెట్టాలి. మోచేతి దగ్గరి శీర్షం సగం భుజపుటెముకతోను, సగం ముంజేతి ఎముకతోను కదలవచ్చు. జీఎల్‌టీఎఫ్ ఫైళ్ళలో సాధారణంగా ఒక శీర్షానికి నాలుగు ఎముకల వరకు ఇలా రాస్తారు. ముఖ కవళికలకు మరొక పద్ధతి ఉంది: మామూలు ముఖం, నవ్వు ముఖం అని రెండు రూపాలు మలచి, మొదటి దానిలోని ప్రతి శీర్షాన్నీ రెండవ దానిలోని అదే సంఖ్య గల శీర్షం వైపు క్రమంగా జరుపుతారు. ఈ రెండు పద్ధతులకూ ప్రాణం ఒక్కటే. శీర్షాల సంఖ్యా, వరుసా మారకూడదు. శిల్పి స్వేచ్ఛ అంతా వాటిని మార్చడంలోనే ఉంది. ఒక్కసారి వోక్సెల్ పద్ధతిలో తిరిగి అల్లితే పాత శీర్షాలకూ కొత్త శీర్షాలకూ ఏ సంబంధమూ మిగలదు. అంతవరకు ఎముకలతో కుదిర్చిన లెక్క అంతా చెరిగిపోతుంది.

ఇది చాలదన్నట్లు కాలం లెక్క కూడా ఉంది. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కావాలి. 20 లక్షల శీర్షాల శిల్పాన్ని ప్రతి చిత్రానికీ ఎముకల ప్రకారం కదిలించడం ట్యాబ్లెట్టుకు మోయలేని బరువు. అందుచేత శిల్పం పూర్తయిన తరువాత దానిపై కొద్ది వేల చతుర్భుజాలతో, కీళ్ళ చుట్టూ వలయాలు వచ్చేటట్లు, ఒక తేలికపాటి వలను కొత్తగా అల్లుతారు. చేత్తో చేస్తే ఇది రోజుల తరబడి సాగే విసుగు పని. నోమాడ్‌లో ఎక్సోసైడ్ సంస్థకు చెందిన క్వాడ్ రీమెషర్‌ను విడిగా కొనుక్కొని ఈ పనిని యంత్రానికి అప్పగించవచ్చు. ముడతలు, రంధ్రాలు వంటి సన్నని వివరాలను ఒక పటంగా మార్చి తేలిక వలపై పరచే ఏర్పాటు కూడా ఉంది.

ఇక్కడ జినియే ఎంపిక గమనించదగినది. ఈ భాగాన్ని సొంతంగా రాయకుండా, దానిలో నిష్ణాతులైన మరొక చిన్న సంస్థ పనిని తెచ్చి చేర్చాడు. ట్యాబ్లెట్లపై యానిమేషను చేయడానికి ఇతర స్వతంత్ర రచయితలు వేరే దారులు పట్టారు. జేకబ్ కాఫ్కా రూపొందించిన రఫ్ యానిమేటర్ చేతిగీతల యానిమేషనుకే పరిమితమయింది. ప్రిస్మా 3డి మొబైలు పరికరాలపై నమూనా తయారీ, యానిమేషను రెండింటినీ కలిపి అందించింది. రెంటినీ కలిపిన ఇటువంటి చోట శిల్పానికి సంబంధించిన లోతు తగ్గడం సహజం.

అమ్మకం, స్వతంత్రత

నోమాడ్‌ను నెలవారీ చందా లేకుండా ఒక్కసారి కొనుగోలు చేసే పద్ధతిలో విడుదల చేశారు. ఆండ్రాయిడులో ముందు ఉచితంగా ప్రయత్నించి, నచ్చితే పూర్తి సౌకర్యాలను కొనుక్కోవచ్చు. విద్యార్థులలో ఇది వ్యాపించడానికి ఈ పద్ధతి ముఖ్య కారణమని చెప్పవచ్చు.

ట్యాబ్లెట్టు ప్రోగ్రాముల అమ్మకంలో దుకాణం వాటా చాలాకాలంపాటు 30 శాతం ఉండేది. పది డాలర్ల సరుకులో మూడు డాలర్లు రచయితకు చేరేవి కావు. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు ఆదాయం గల చిన్న రచయితలకు ఆపిల్ 2021 జనవరి 1 నుండి దీనిని 15 శాతానికి తగ్గించింది. గూగుల్ 2021 జులై 1 నుండి ప్రతి రచయితకూ మొదటి 10 లక్షల డాలర్ల ఆదాయం వరకు ఇదే రేటు వర్తింపజేసింది. ఒక్కరే పనిచేసే చోట ఈ తేడా జీతంతో సమానం.

ఒక్కసారి అమ్మే పద్ధతిలో కొత్త కొనుగోలుదారులు వస్తున్నంతకాలమే ఆదాయం ఉంటుంది, పాతవారికి సేవ మాత్రం ఎప్పటికీ చేయాలి. చందా పద్ధతిలో రచయితకు భద్రత ఉంటుంది. వాడుకరి డబ్బు కట్టడం ఆపితే సాధనం చేజారిపోతుంది. మాక్సన్ సంస్థ 2024 సెప్టెంబరులో ఐప్యాడుకు జడ్‌బ్రష్‌ను విడుదల చేసినపుడు పరిమిత సౌకర్యాలను ఉచితంగా ఇచ్చి, పూర్తి సౌకర్యాలకు చందా పెట్టింది. 2025 జులైలో బ్లెండరు సంస్థ కూడా ట్యాబ్లెట్ల కోసం పని చేపడుతున్నట్లు ప్రకటించింది. ఈ విధంగా ఒక వ్యక్తి అడుగుపెట్టినపుడు దాదాపు ఖాళీగా ఉన్న చోటికి ఐదేళ్ళలో పెద్దవారంతా చేరుకున్నారు.

ఒక్క మనిషిపై ఆధారపడిన సాధనాన్ని నమ్ముకోవచ్చునా అనే సందేహం వాడుకరులలో ఉండటం న్యాయమే. రచయిత విరమించుకుంటే కొత్త పరికరాలకు తగిన మార్పులు చేసేవారు ఉండరు. స్కల్ప్ట్రిస్, ఫోర్జర్‌లకు జరిగినట్లు పెద్ద సంస్థ కొనుగోలు చేయడం మరొక ముగింపు. 123డి అనుభవాన్ని బట్టి చూస్తే సంస్థల సాధనాలకూ ఈ ప్రమాదం తప్పలేదు. ఈ స్థితిలో వాడుకరికి ఉన్న రక్షణ ఫైళ్ళ రూపం. నోమాడ్‌లో తయారైన బొమ్మను క్రోనోస్ సంస్థ ప్రమాణమైన జీఎల్‌టీఎఫ్, పాతకాలం నుండి వాడుకలో ఉన్న ఓబీజే, త్రిమితీయ ముద్రణ యంత్రాలకు పంపే ఎస్‌టీఎల్ వంటి రూపాలలో బయటకు తీసుకోవచ్చు. వీటిలో ఎస్‌టీఎల్ ఆకారాన్ని మాత్రమే భద్రపరుస్తుంది. రంగులు, లోహపు గుణాలు కావాలనుకొనేవారు జీఎల్‌టీఎఫ్ ప్రతిని కూడా విడిగా దాచుకోవలసి ఉంటుంది.